చెవి మేస్త్రీకి వినపడని చప్పుడు

ఆ షెడ్డుకి బండి తెచ్చిన మనిషి ఎంతటివాడైనా సరే, ముందు మేస్త్రీ ఎదుట నిలబడి ఆ చప్పుడు నోటితో చేసి చూపించాల్సిందే. అది అక్కడి పద్ధతి. బ్యాంకు మేనేజరు టై సర్దుకుంటూ "గుర్ర్ర్... కటకట" అని చేశాడు. జడ్జిగారొకాయన సిగ్గుతో చచ్చిపోతూ, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి "కుయ్ కుయ్" అన్నారు. "గట్టిగా అనండి సార్, బండి ఇంత మర్యాదగా అరవదు," అన్నాడు మేస్త్రీ. పక్కన స్పానర్లు తుడుస్తున్న బావమరిది నవ్వు ఆపుకోలేక కారు కిందికి దూరిపోయాడు. జడ్జిగారు ఈసారి గొంతు చించుకున్నారు. మేస్త్రీ కళ్ళు మూసుకుని విని, "ఫ్యాను బెల్టు, కింది పుల్లీ దగ్గర," అని తేల్చేశాడు. బానెట్ ఎత్తి చూస్తే సరిగ్గా అక్కడే ఉంది జబ్బు.

అలా చెవి మేస్త్రీ అని పేరు పడిపోయింది. కరెంటు బిల్లు మీద ఇంకేదో పేరుండేది గానీ, ఆ పేరుతో పిలిస్తే అతనే పలికేవాడు కాదు. టైల్స్ దుకాణానికీ బట్టలు కుట్టే కొట్టుకీ మధ్య ఇరుక్కున్న షెడ్డు అది. రెండు కార్లు పడతాయి, మూడో కారొస్తే మనుషులు అడ్డంగా తిరిగి నడవాలి. గోడకి పనిముట్లన్నీ వరసగా వేలాడుతుంటాయి. గుమ్మం పక్క అద్దాల గదిలో భార్య కూర్చుని ఫోన్లు చూసుకుంటుంది. ఆమె తమ్ముడే ఆ బావమరిది. క్లచ్చులూ షాకులూ అతని పని. బ్రేకులు మాత్రం మేస్త్రీ ఇంకొకర్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. "బండి కదలకపోతే తిడతారు, ఆగకపోతే పోతారు. అది నా చేతుల మీదుగానే జరగాలి," అనేవాడు. అంత పట్టుదల మనిషి.

ఆ మనిషికి ఓ దాపరికం ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళు ఇనుము మీద ఇనుము మోగే చోట బతికితే ఏ చెవి మాత్రం ఓర్చుకుంటుంది? ఎనిమిది నెలల కిందట ఓ పొద్దున వంటింట్లో కుక్కరు ఆవిరి కక్కుతూ ఊగిపోతోంది, ఈల మాత్రం లేదు. "ఇది పాడైనట్టుంది," అన్నాడు భార్యతో. ఆమె అతని వంక ఒకసారి చూసి, స్టవ్ కట్టేసి, "మార్చాలి లెండి," అంది. తరవాత అలారం గడియారం పాడైంది. సెల్‌ఫోను పాడైంది. తలుపు గంట పాడైంది. ఒకే ఇంట్లో ఇన్ని వస్తువులు ఒక్కసారిగా ఎలా పాడవుతాయో ఆలోచించే ధైర్యం అతనికి లేకపోయింది. ఇంజను దడ, గేరు మూలుగు, మనుషుల మాటలు, అన్నీ నిక్షేపంగా వినపడుతున్నాయి. సన్నటి చప్పుళ్ళే, పైనెక్కడో పలికేవే, ఒక్కొక్కటిగా వెళ్ళిపోయాయి. చెవి మేస్త్రీకి చెవుడని తెలిస్తే షెడ్డు గడప ఎవరు తొక్కుతారు? అందుకని మూడో కంటికి తెలియకుండా నెట్టుకొస్తున్నాడు.

అలాంటి రోజుల్లోనే ఓ పొద్దున తొమ్మిదింటికి లెక్కల టీచరమ్మ కారొచ్చింది.

ఈవిడ సంగతి కాస్త చెప్పాలి. ముప్పై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి, పదవీ విరమణ చేసిన నెలలోనే సెకండ్‌హ్యాండ్‌లో ఓ స్పోర్ట్స్ కారు కొనేసింది. బూడిదరంగు కూపే. రెండే తలుపులు, నేలకి బెత్తెడు ఎత్తు, అందులో కూర్చోవాలంటే సగం పడుకోవాలి. ఈ వయసులో ఇదేం సరదా అని చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. "నేనెక్కేటప్పుడు చూడకండి, నడిపేటప్పుడు చూడండి," అందిట ఆవిడ. మూడు వారాల కిందటే మేస్త్రీ ఆ కారుకి ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేశాడు.

"ఏదో చప్పుడు మేస్త్రీ, వారం రోజుల్నుంచి," అంది దిగుతూనే.

"చెయ్యండి మరి."

ముప్పై ఏళ్ళు క్లాసు ముందు నిలబడ్డ మనిషికి సిగ్గేమిటి? "చిక్, చిక్, చిక్‌చిక్, చిక్," అని శుభ్రంగా చేసి చూపించింది. "ముందు, ఎడమ పక్క నుంచి. ఒకోసారి వస్తుంది, ఒకోసారి ఉండదు. ఎందుకో అంతు చిక్కట్లేదు."

బావమరిది విడిభాగాల కోసం బజారుకి వెళ్ళాడు. ఉండుంటే అతన్ని పంపేవాడా అంటే, పంపేవాడు కాదు లెండి. మేస్త్రీ వెళ్ళి ఆవిడ పక్క సీట్లో ఒదిగాడు. అద్దాలు దించమన్నాడు. కారు వీధి చివర మలుపు తిరిగి పెద్ద రోడ్డెక్కింది.

"అదిగో!" అంది టీచరమ్మ.

మేస్త్రీకి టైర్ల హోరు వినపడింది. ఇంజను వినపడింది, చాలా ఆరోగ్యంగా ఉంది. ఇంకేమీ లేదు.

"వింటున్నారా? చిక్‌చిక్‌మంటోంది చూడండి, గోడల పక్కన వెళ్ళేటప్పుడు ఇంకా బాగా తెలుస్తోంది."

అతను తల కిటికీ వైపు వంచాడు. ఊపిరి బిగబట్టాడు. ఎక్కడో ఆ చప్పుడు ఉంది, పక్కనే ఉన్న మనిషికి గంట కొట్టినట్టు వినపడుతోంది, తనకి మాత్రం గోడ అడ్డం పెట్టినట్టుంది. 'నాకు వినపడట్లేదమ్మా' అని ఒక్క మాట. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ ఎంత నమ్మకంగా చూస్తోందంటే, అతను తలూపేశాడు.

"ఊఁ. వినపడుతోంది," అన్నాడు.

అక్కడే కొంప మునిగింది. మామూలుగా అయితే మేస్త్రీ ఇరవై ప్రశ్నలు అడుగుతాడు. ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? మలుపులోనా? అప్పుడు మీ కాలు ఎక్కడుంది? విన్నానని చెప్పినవాడు మళ్ళీ ఏం అడుగుతాడు? తెలిసిపోయినట్టు మొహం పెట్టుకుని కూర్చున్నాడు. షెడ్డుకి తిరిగొచ్చాక ఎడమ వైపు డాష్‌బోర్డు అర తలుపు తీసి, అంచుకి మందపాటి గుడ్డముక్క అంటించి మూశాడు. చక్రం విప్పి చూడలేదు. మూడు వారాల కిందట తన చేత్తోనే బిగించాడు, ఇంకేం చూడాలి?

టీచరమ్మ షెడ్డు ముందే ఓ చుట్టు తిప్పి వచ్చింది. "ఇంకా వస్తోంది మేస్త్రీ."

"కొత్త ప్యాడ్లు కదా, సర్దుకోడానికి టైం పడుతుంది. అదీగాక, ఒకసారి మనసులో పడితే లేని చప్పుడు కూడా వినిపిస్తూ ఉంటుందమ్మా."

ఆవిడ మొహం కాస్త చిన్నబోయింది. "అంతేనంటారా? మా అక్కకి మోకాలి ఆపరేషను అయింది, కొండ అవతలి ఆస్పత్రిలో ఉంది. ఇవాళ ఇంటికి పంపిస్తారట, తీసుకురావాలి. ఘాటు రోడ్డులో వెళ్ళొచ్చా మరి?"

"నిక్షేపంగా వెళ్ళిరండి," అన్నాడు మేస్త్రీ.

అరగంట తరవాత బావమరిది స్కూటరు దిగి, పెట్టెలు దించుకుంటూ అడిగాడు. "బావా, టీచరమ్మ కారేంటి అలా అరుస్తోంది?"

"ఏమని?"

"చౌరస్తాలో సిగ్నల్ దగ్గర నా పక్కనుంచి వెళ్ళింది. ఒకటే చిక్‌చిక్‌మని గోల. వీధిలో జనం తిరిగి చూస్తున్నారు. బ్రేకు మీద కాలేసింది, టక్కున ఆగిపోయింది. కాలు తీసింది, మళ్ళీ మొదలు. నీకు చూపించిందా లేదా?"

మేస్త్రీ చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టాడు. పెట్టాడో వదిలేశాడో, టీ కాస్తా ఒలికి కాగితాల మీద పడింది. బ్రేకు నొక్కితే ఆగే చప్పుడు, వదిలితే మొదలయ్యే చప్పుడు ఏమిటో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. బ్రేకు ప్యాడ్లని చక్రంలోని పళ్ళేనికి నొక్కి పట్టే ఇనుప దిమ్మ ఉంటుంది, క్యాలిపర్ అంటారు. రెండు చిన్న బోల్టుల మీద నిలబడుతుంది అది. అందులో ఒకటి వదులైతే దిమ్మ ఆడుతుంది. నొక్కినంతసేపూ బిగుసుకుని నోరు మూసుకుంటుంది. ఎన్నిసార్లు నొక్కితే ఆ బోల్టు ఊడొస్తుందో చెప్పలేం. ఊడితే ఆ చక్రానికి బ్రేకు లేనట్టే, కాలు కింద పెడల్ కూడా నిలవదు.

"ఎన్నింటికి చూశావు?" అన్నాడు.

"పావుగంట... ఇరవై నిమిషాలు. ఏమైంది బావా?"

"పికప్ తియ్యి. జాకీ, బోల్టుల పెట్టె, రెంచీలు అన్నీ పడెయ్యి. ఒసేయ్, టీచరమ్మకి ఫోన్ కొట్టు! కారు ఆపెయ్యమను!"

అద్దాల గదిలోంచి భార్య అప్పటికే నంబరు కలుపుతోంది. "మోగుతోందండీ, ఎత్తట్లేదు."

ఎత్తదు. బండి నడిపేటప్పుడు ఫోను ముట్టుకోకూడదని ముప్పై ఏళ్ళు పిల్లలకి నూరిపోసిన మనిషి, తను ముట్టుకుంటుందా? "కొడుతూనే ఉండు!" అని అరిచి మేస్త్రీ పికప్‌లోకి దూకాడు.

బావమరిది ఎప్పుడూ లేనంత వేగంగా తోలాడు. ఊరు దాటుతుండగా రైల్వే గేటు వాళ్ళ మొహం మీదే పడింది. గూడ్సు బండి. పెట్టె వెనక పెట్టె, తాపీగా పెళ్ళినడకలు నడుస్తోంది. మేస్త్రీ మోకాళ్ళ మీద పిడికిళ్ళు గుద్దుకుంటూ లెక్క వేసుకున్నాడు. కొండ ఎక్కేటప్పుడు బ్రేకుతో అంత పనుండదు. ఎక్కినంతసేపూ భయం లేదు. అటువైపు దిగుడులో తొమ్మిది మలుపులు, ఒక పక్క లోయ. పైకి చేరేలోపు పట్టుకోవాలి.

"నాకు ఆ చప్పుడు వినపళ్ళేదురా," అన్నాడు గూడ్సు బండి వంక చూస్తూ.

"ఏ చప్పుడు?"

"టీచరమ్మ కారు చప్పుడు. పక్కనే కూర్చున్నా. అదిగో అంటుంది, ఇదిగో అంటుంది. నేను తలూపాను."

బావమరిది నవ్వాడు. "జోకులకి టైం దొరకలేదా నీకు?" అంటూ పక్కకి తిరిగి, బావ మొహం చూసి, నవ్వు మింగేశాడు. అడిగాడు. "గేటు అలారం వినపడుతోందా బావా?"

"మోగుతోందా?"

"చెవులు చిల్లులు పడేలా మోగుతోంది."

పదమూడో పెట్టె వెళ్ళింది, పద్నాలుగోది వెళ్ళింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎనిమిది నెలలు."

బావమరిది స్టీరింగు మీద అరచేత్తో ఒక్కటి ఇచ్చాడు. "ఎనిమిది నెలలు! పొద్దస్తమానం పక్కనే చస్తున్నా కదా, నాతో చెప్పడానికి ఏం మాయరోగం వచ్చింది నీకు? నేనేమన్నా ఊరంతా టముకు వేస్తానా?"

గేటు లేచింది.

కొండ ఎక్కుతుంటే పికప్ రొప్పడం మొదలుపెట్టింది. ముందు వెళ్ళే ప్రతి కారూ బూడిదరంగులోనే కనపడుతోంది అతనికి. దగ్గరికొచ్చేసరికి ఒకటి తెల్లది, ఒకటి నీలం. పైన మలుపులో టీ కొట్టు ఉంది. కార్లు అక్కడ ఆగుతాయి. ఇవాళ ఒక లారీ తప్ప ఏమీ లేదు.

"బూడిదరంగు పొట్టి కారా?" అంది కొట్టులోని అమ్మాయి. "పది నిమిషాలైంది, దిగిపోయింది. ఏదో గోల చేస్తోంది పాపం ఆ కారు."

మేస్త్రీకి పై ప్రాణాలు పైనే పోయాయి. చెయ్యి ముందుకి చూపించాడు. మొదటి మలుపులో ఏమీ లేదు. రెండో మలుపులో రోడ్డు మీద టైరు ఒరుసుకున్న నల్లటి చారలు రెండు మొదలై, వంకర్లు తిరుగుతూ ముందుకి పోయాయి. లోయ వైపు పోయాయో కొండ వైపు పోయాయో ఇక్కడినుంచి తెలియడం లేదు. "మెల్లగా," అన్నాడు బావమరిది తనతో తనే అనుకున్నట్టు. మేస్త్రీ కళ్ళు మూసుకుందామనుకున్నాడు. మూసుకోలేకపోయాడు.

కారు కొండ వైపు మట్టిగట్టుకి భుజం ఆనించి ఆగి ఉంది. వెనక చక్రం కింద రాయి పెట్టి ఉంది. టీచరమ్మ పక్కనే గట్టు మీద కూర్చుని, సీసాలో నీళ్ళు తాగుతోంది.

"మేస్త్రీ? మీరేంటి ఇక్కడ?"

"దెబ్బలేమైనా తగిలాయామ్మా?"

"లేదు. మీరు చెప్పినట్టే, నా భ్రమేననుకుని రేడియో పెట్టుకున్నా. చప్పుడు ఎక్కువవుతుంటే రేడియో పెంచాను." ఆవిడ సీసాకి మూత పెట్టింది. "రెండో మలుపులో ఠంగుమని మోగింది. బ్రేకు నొక్కితే కాలు లోపలికి దిగబడిపోయింది. గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేకు లాగి, గట్టుకి రాసేశాను."

బావమరిది అప్పటికే జాకీ పెట్టి ఎడమ చక్రం విప్పేశాడు. కింది బోల్టు విరిగిపోయింది. తల ఎక్కడో రోడ్డు మీద పడిపోయి ఉంటుంది, మొండెం మాత్రం మిగిలింది. క్యాలిపర్ పైబోల్టు మీద వేలాడుతూ, చక్రం లోపలి అంచుని గాట్లు పడేలా కొట్టేసింది. బావమరిది ఆ విరిగిన ముక్క బయటికి తీసి చూసి, బావ వైపు ఒక చూపు విసిరి, టీచరమ్మ వైపు తిరిగాడు.

"నాసిరకం బోల్టండీ. ఈమధ్య వచ్చేవన్నీ ఇలాగే తగలడుతున్నాయి. ఎవరూ కనిపెట్టలేరు."

ఆ అబద్ధం ఆ క్షణాన అతనికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆవిడ నమ్మినట్టే ఉంది. అలా వదిలేస్తే ఇంటికి వెళ్ళిపోవచ్చు.

బావమరిది వంగి, దిమ్మలోంచి బయటికి పొడుచుకొచ్చిన పిస్టన్‌ని వెనక్కి నొక్కి, క్యాలిపర్‌ని సర్ది, కొత్త బోల్టు పెట్టి, చెయ్యి చాపాడు. "టార్క్ రెంచి ఇవ్వు."

"అది వద్దురా. మూగబోయింది అది. నేను చేతి అంచనాతోనే బిగిస్తున్నా."

టార్క్ రెంచి అంటే కొలత పెట్టుకుని బిగించే రెంచి. బోల్టు ఎంత బిగుసుకోవాలో అంతకి చేరగానే టక్కుమంటుంది, అక్కడ ఆపెయ్యాలి. పెద్ద బోల్టయితే చేతికి కూడా అదురు తెలుస్తుంది. ఇలాంటి చిన్నవాటికి చెవే ఆధారం. కొన్ని నెలలుగా అది టక్కుమనడం మానేసిందని, లోపల స్ప్రింగు పోయిందని మేస్త్రీ అనుకుంటున్నాడు. అందుకే ప్రతి బోల్టుకీ ఎందుకైనా మంచిదని ఇంకో పావు చుట్టు, బ్రేకులు కదా అని మరో పావు చుట్టు తిప్పుతూ వచ్చాడు.

"నిన్ననే వాడాను కదా బావా, బాగానే ఉంది," అంటూ బావమరిది రెంచి తగిలించి తిప్పాడు. కొంచెం తిప్పి ఆగిపోయాడు. గట్టు మీది టీచరమ్మ తలెత్తి చూసింది.

"ఎందుకు ఆపావు?" అన్నాడు మేస్త్రీ.

"టక్కుమంది కదా."

"మళ్ళీ తిప్పు."

బావమరిది మళ్ళీ తిప్పాడు. అతని చెయ్యి ఆగిన క్షణానే టీచరమ్మ కనురెప్పలు కదిలాయి. ఇద్దరూ ఒకే క్షణంలో ఏదో విన్నారు. మేస్త్రీకి కొండగాలి హోరు మాత్రమే వినపడింది.

రెంచి మూగబోలేదు. అతను విరిగిన బోల్టు ముక్కని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. మెడ దగ్గర ఇనుము సన్నబడి, సాగిపోయి ఉంది. వదులుగా ఉండి ఊడిన బోల్టు అలా ఉండదు. పట్టాల్సినదానికి రెండింతలు బిగిస్తే, లోపల్లోపలే సాగి, రోజుకి కొంచెం చచ్చి, ఓ రోజు తెగుతుంది. ప్రేమగా, జాగ్రత్తగా, ఇంకో పావు చుట్టు వేసి తనే దీన్ని చంపాడు.

"బోల్టు మంచిదేనమ్మా," అన్నాడు. "వాడు నన్ను కాపాడదామని అన్నాడు. నేనే ఎక్కువ బిగించి తెంపాను. ఎనిమిది నెలలుగా ఆ రెంచి చప్పుడు నాకు వినపడట్లేదు. పొద్దున మీ కారు చప్పుడూ వినపళ్ళేదు."

ఆవిడ గట్టు మీంచి లేచింది. "వినపడుతోందని తలూపారు కదా?"

"ఊపాను."

"వినపడట్లేదని ఒక్క ముక్క అనుంటే, ఎప్పుడు వస్తోందో, ఎప్పుడు ఆగుతోందో నేనే చూసి చెప్పేదాన్ని కదా! పైగా నాది భ్రమ అన్నారు. నా చెవుల్ని కాదని మీ చెవుల్ని నమ్మాను మేస్త్రీ. రేడియో పెంచుకున్నాను!" కోపం ఇప్పుడు వచ్చింది, భయం కూడా దాంతోపాటే. మేస్త్రీ తల దించుకుని నిలబడ్డాడు. కొట్టినా బాగుండుననుకున్నాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, అంతటితో ఊరుకోలేదు. లెక్కల మనిషి. "ఎనిమిది నెలలన్నారు. ఇంకెన్ని బండ్లకి మీరిలా బిగించారు?"

ఆవిడ అడిగేదాకా, ఈ ప్రశ్న అతనికి తట్టనే లేదు.

టీచరమ్మ ఆస్పత్రికి టాక్సీ పిలిపించుకుని వెళ్ళిపోయింది. బావమరిది కూపేని మెల్లగా నడుపుకుంటూ, మేస్త్రీ పికప్‌లో వెనక వస్తూ, మధ్యాహ్నం ఒంటిగంటకి షెడ్డు చేరారు. మేస్త్రీ తిన్నగా అద్దాల గదిలోకి వెళ్ళి, "పనుల పుస్తకం తియ్యి. ఎనిమిది నెలల్లో నేను బ్రేకులు చేసిన బండ్లన్నీ రాయి," అన్నాడు. "నాకు చెవులు సరిగా వినపడట్లేదు. నీకు చెప్పలేదు."

భార్య పుస్తకం తియ్యలేదు. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కూర్చుంది.

"నాకు తెలుసండీ."

"ఏం తెలుసు?"

"కుక్కరు నాడే తెలుసు. ఫోను మోగితే మీకంటే ముందు నేను ఎత్తడం, వెనకనుంచి పిలవకుండా వచ్చి భుజం తట్టడం, అంతా ఎందుకనుకున్నారు? చెప్తే మీ పరువు పోతుంది, మీరు కుంగిపోతారని నోరు కుట్టేసుకున్నా." ఆమె ఏడుస్తోంది. "టీచరమ్మకి ఏమన్నా అయ్యుంటే ఇద్దరం కలిసి చంపినట్టే."

మేస్త్రీ ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, పుస్తకం తనే తెరిచాడు.

ఇరవై మూడు బండ్లు తేలాయి. ఫోన్లు నేను చేస్తానని భార్య అంటే ఒప్పుకోలేదు. నంబరు ఆమె కలిపింది, మాట అతను మాట్లాడాడు. ప్రతివాళ్ళతోనూ అదే మాట. "నేను చెవి మేస్త్రీని. నాకు చెవులు సరిగా పనిచెయ్యట్లేదు. మీ బండికి నేను బిగించిన బ్రేకు బోల్టులు తెగే ప్రమాదం ఉంది. నడపకండి. మా బావమరిది వచ్చి మారుస్తాడు." మొదటాయన జోకనుకుని పడీ పడీ నవ్వాడు. ఒకావిడ అర్థం కాక మూడుసార్లు చెప్పించుకుంది. ఇంకొకాయనది లావు గొంతు గనక, తిట్టిన తిట్లు ఒక్కటి కూడా పొల్లుపోకుండా వినపడ్డాయి. మేస్త్రీ అన్నీ విని, "అవునండీ," అన్నాడు.

మూడింటిదాకా చేసినవాళ్ళలో ఫోను ఎత్తనిది ఒక్క స్కూలు వ్యాను డ్రైవరే. మధ్యాహ్నం పూట ఫోను పక్కన పడేసి కునుకు తీసే అలవాటు అతనికి. నాలుగింటికి బడి వదులుతారు. భార్య తొమ్మిదిసార్లు కలిపింది. పదోసారికి ఎత్తాడు. పావుగంటలో, నడక వేగంతో, వ్యాను షెడ్డులోకి వచ్చింది. పదిహేనేళ్ళుగా మేస్త్రీని అన్నా అని పిలిచే మనిషి. నవ్వుతూనే దిగాడు.

బావమరిది చక్రాలు విప్పాడు. కుడివైపు రెండు బోల్టులూ బాగానే ఉన్నాయి. ఎడమవైపు పైది బాగానే ఉంది. కిందిది బయటికి తీసి, మేస్త్రీ చేతికిచ్చాడు. మెడ దగ్గర అగ్గిపుల్లంత మందం మిగిలింది. వ్యాను డ్రైవరు దాన్ని మేస్త్రీ చేతిలోంచి తీసుకుని, వెలుతురులో పట్టుకుని చూశాడు. ఇనుము గురించి అతనికీ తెలుసు.

"పదహారు మంది పిల్లలు, అన్నా," అన్నాడు.

"తెలుసు తమ్ముడూ."

"ఏం తెలుసు నీకు? ముందు సీట్లో కూర్చునేది నా కూతురు."

మేస్త్రీకి క్షమించమని అడగడం కూడా సిగ్గుచేటనిపించింది. బావమరిది కొత్త బోల్టులు నాలుగూ బిగించి, రెంచి టక్కుమన్న ప్రతిసారీ పైకి చెప్పాడు. వ్యాను డ్రైవరు పక్కనే నిలబడి నాలుగూ విన్నాడు. తరవాత పెడల్ పదిసార్లు నొక్కి చూసుకుని, తాళం చేతిలో తిప్పుకుంటూ వచ్చాడు.

"ఇకమీదట నా బండికి బ్రేకులు నువ్వు ముట్టుకోకు. మీ బావమరిది చేస్తే తెస్తాను. లేకపోతే వేరే చోటు చూసుకుంటా."

"ముట్టుకోను," అన్నాడు మేస్త్రీ. "ఎవరివీ ముట్టుకోను."

వ్యాను డ్రైవరు బండెక్కేశాడు. మేస్త్రీ వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. వ్యాను వీధి చివరిదాకా వెళ్ళింది. అక్కడ వెనక దీపాలు రెండూ ఎర్రగా వెలిగాయి. వ్యాను ఆగింది. అటూ ఇటూ చూసుకుని, బడి వైపు తిరిగింది.

అది కనుమరుగయ్యాక అతను లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఇంకా ఎనిమిది మందికి ఫోన్లు చెయ్యాల్సి ఉంది. "కలుపు," అన్నాడు భార్యతో.